ఒక్క రాత్రి గెస్టులూ, నా కడుపుమంటా

ఎదురింటి అమ్మాయికి చెప్పని జవాబు

మా ఎదురింటి వాళ్లమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ పూర్తి చేసింది. వచ్చే నెలలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేరుతోంది. "ఆంటీ, మీరు అంతకాలం చేశారు కదా, ఆ ఉద్యోగం అసలు ఎలా ఉంటుంది?" అని అడిగింది. నవ్వుతూ నిలబడాలి, సాయంత్రానికి కాళ్లు లాగుతాయి అని చెప్పి, చేతిలో రెండు జంతికలు పెట్టి పంపేశాను. తర్వాత ఆలోచిస్తే అది జవాబు కాదనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది పంజాగుట్ట చౌరస్తాకీ అమీర్‌పేటకీ మధ్యలో ఉన్న ఒక హోటల్లో. పేరు రాయను. విమానాశ్రయం అప్పట్లో బేగంపేటలోనే ఉండేది కాబట్టి మా బతుకంతా విమానాల మీదే. మేడ మీద దుప్పట్లు ఆరేసే చోట నిలబడితే దిగుతున్న విమానం చక్రాలు కనబడేవి. సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్న రోజులు. అమీర్‌పేటలో గోడ కనబడకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, మా లాబీలో సోఫా కనబడకుండా పెట్టెలు.

ప్రమోషన్ల సంగతి రాయను. అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి. ఆ ఉద్యోగంలో నాకు కావలసింది మాత్రం ఒకటే. ఒక్క గెస్టు, ఒకే ఒక్కడు, గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చి నా కోసం వెతకాలి. "వసుంధర గారు ఉన్నారా?" అని అడగాలి. అది వినకుండానే రిటైరయ్యాను. వినలేదన్న బాధ సరే, నా పక్కన నిలబడ్డ మనిషి కోసం ఆ ప్రశ్న రోజూ వినవలసి రావడం ఇంకా మండించింది. ఆ మనిషి పేరు సబిత. దీన్ని పాఠమనుకుంటారో కుళ్లు అనుకుంటారో మీ ఇష్టం. నాకైతే రెండూ కలిసే వచ్చాయి.

ఒక్క రాత్రి కోసం వచ్చేవాడు

ముందు గెస్టు గురించి తెలుసుకోండి. తిరుపతిలో హోటల్‌కి వచ్చేవాడు దేవుడి కోసం వస్తాడు, ఊటీలో చలి కోసం వస్తాడు. విమానాశ్రయం పక్క హోటల్‌కి ఎవడూ హోటల్ కోసం రాడు. పొద్దున్నే విమానం ఉంది కాబట్టి వస్తాడు, లేకపోతే రావలసిన విమానం రాలేదు కాబట్టి వస్తాడు. మనసంతా ఎక్కబోయే విమానం మీదే ఉంటుంది. మీరు ఎంత మంచి చీర కట్టుకున్నా, ఎంత అందంగా నమస్కారం పెట్టినా, అతని కళ్లు మీ వెనక గోడ మీదున్న గడియారాన్ని చూస్తుంటాయి. తెల్లవారక ముందే లేచి, కళ్లు నులుముకుంటూ తాళం బల్ల మీద పడేసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత మీరు గుర్తుండరు.

ఇక మన తెలుగువాళ్లది ఇంకో పద్ధతి. విమానం ఎక్కేది ఒకరు, ఎక్కించడానికి వచ్చేది ఊరు. గది ఒకటే తీసుకుంటారు. అందులో మేనత్తలు, బావమరుదులు, వాళ్ల పిల్లలు సర్దుకుంటారు. ఆవకాయ సీసాకి ప్లాస్టిక్ కవర్లు చుట్టడం మా లాబీలోనే, బరువు ఎక్కువైందని సగం తీసేయడం లాబీలోనే, తీసేసినందుకు ఏడుపులు కూడా లాబీలోనే. ఫ్రంట్ డెస్క్ అంటే కంప్యూటరూ తాళాలూ అని కాలేజీలో చెబుతారు. మా దగ్గర సగం పని ఆవకాయతోనే.

సుబ్బరాజు గారి పరీక్ష

మా జనరల్ మేనేజర్ సుబ్బరాజు గారు. భీమవరం వైపు మనిషి, యజమానికి దగ్గర బంధువు. హోటల్ చదువు ఏమీ లేదు. ఆయన కింద పనిచేయాలంటే మొదట్లో నాకు నామోషీగా ఉండేది. నేను డిప్లొమా చేసినదాన్ని, బొంబాయిలో ట్రైనింగ్ అయినదాన్ని. ఆయన పంచె కట్టుకుని లాబీలో కూర్చుని శనగలు తినేవారు.

నేను చేరిన కొత్తలో రోడ్డు వైపు గదుల్లో నిద్ర పట్టడం లేదని రోజూ ఎవరో ఒకరు గొడవ చేసేవాళ్లు. ఇంగ్లీషులో క్షమాపణ చెప్పి పంపేదాన్ని. ఒకరోజు సుబ్బరాజు గారు పిలిచి, "అమ్మా వసుంధరా, ఈ రాత్రి నువ్వు మూడో అంతస్తులో రోడ్డు వైపు గదిలో పడుకో. మీ ఆయనకి ఫోన్ చేసి చెప్పు" అన్నారు. ఎందుకండీ అంటే, "అమ్మేది నువ్వే కదా, ఎలా ఉంటుందో చూడు" అన్నారు. పడుకున్నాను. చౌరస్తా హారన్లు పరుపులోకి వచ్చినట్టున్నాయి. పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో డెస్క్ దగ్గరికి వస్తే ఆయన కాఫీ తెప్పించారు. ఆ రోజు నుంచి వయసు మళ్లినవాళ్లకీ, తెల్లవారుజాము విమానం ఉన్నవాళ్లకీ వెనక వైపు గదే ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి రోడ్డు వైపు ఇచ్చాను, వాళ్లు ఎలాగూ పడుకోరు.

మీరు ఏ హోటల్లో చేరినా, మీరు అమ్మే గదిలో ఒక్క రాత్రి పడుకోండి. ఎవరూ పంపకపోతే మీరే అడిగి పడుకోండి. ఇందులో నాకు ఎవరి మీదా కుళ్లు లేదు కాబట్టి ఈ సలహా నమ్మొచ్చు.

సబిత వచ్చింది

సబిత సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చింది. నాన్న ఆర్టీసీ డ్రైవరు, కాపురం బోరబండలో. మొదట టెలిఫోన్ ఆపరేటర్‌గా తీసుకున్నారు. ఎవరో సెలవు పెడితే ఒకరోజు డెస్క్ మీద నిలబెట్టారు. ఇక దిగలేదు.

దాని పని గురించి నిష్పాక్షికంగా చెబుతాను. రోజూ ఆలస్యంగా వచ్చేది. తాళాలు ఏ కొక్కానికి ఉండాలో ఆ కొక్కానికి ఉండేవి కావు. జడలో పూలు పెట్టుకోవద్దని నియమం ఉంటే కనకాంబరాలు పెట్టుకొచ్చేది. వాగుడు మరీ ఎక్కువ. గెస్టు సంతకం పెట్టే లోపు వాళ్ల ఊరు, కులదైవం, మోకాళ్ల నొప్పికి ఏం వాడుతున్నారో అన్నీ తెలుసుకునేది. దాని వెనక నేను సర్దుకుంటూ రావలసి వచ్చేది.

అయినా గెస్టులకు అదే కావాలి. బెంగళూరు నుంచి నెలనెలా వచ్చే కంపెనీ మేనేజర్లు, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చే జగిత్యాల మేస్త్రీలు, సోమాజిగూడ ఆసుపత్రిలో చూపించుకుని ఊరికి వెళ్లేవాళ్లు, అందరూ తలుపు తోయగానే ఒకటే మాట. "సబిత లేదా?" నేను ఎదురుగా నిలబడి ఉంటాను. నా కోటు మీద ఇత్తడి పేరు పట్టీ ఉంటుంది. నా మీదుగా వెనక గదిలోకి తొంగిచూస్తారు. లేదండీ, నేను చూస్తాను చెప్పండి అంటే, "ఫర్వాలేదు, వచ్చేదాకా కూర్చుంటాం" అంటారు. పొద్దంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు, గది తాళం నా చేతిలోనే ఉంటే, దాని కోసం సోఫాలో కూర్చునేవాళ్లు! ఇంటికి వెళ్లి మా ఆయనతో చెబితే, "నువ్వు కూడా కాస్త నవ్వచ్చు కదా" అన్నారు. ఆ వారం ఆయనకి కూర నోట్లో పెట్టుకునేలా వండలేదు.

నేను 'అన్నా' అన్న రోజు

చలికాలంలో ఒకసారి ఢిల్లీలో పొగమంచు వల్ల విమానం రద్దయింది. ప్రయాణికులను మా హోటల్‌కి తోలారు. అందులో ఒకాయన బల్ల గుద్ది అరుస్తున్నాడు. నేను నేర్చుకున్న పద్ధతిలో, నేర్చుకున్న ఇంగ్లీషులో, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నాను. ఆయన ఇంకా గట్టిగా గుద్దాడు. అప్పుడు సబిత నా పక్కకి వచ్చి, "అన్నా, ఇమానం నేనైతే ఆపలే. గా మంచును సుత నేను పంపలే. జర చాయ్ తాగుతరా?" అంది. ఆయన బల్ల మీద నుంచి చెయ్యి తీసి నవ్వాడు. చాయ్ తాగాడు. రాత్రి భోజనం చేశాడు. పొద్దున్న వెళ్తూ దాని తలమీద చెయ్యి పెట్టి మరీ వెళ్లాడు.

ఇదేనా కిటుకు అనుకున్నాను. మర్నాడు ఇంకొకాయన, గది ఇంకా తుడవలేదని కోపంగా ఉన్నాడు. చుట్టూ చూశాను, సబిత లేదు. గొంతు సవరించుకుని, "అన్నా, చీపురు నా చేతిలో లేదు. కాస్త టీ తాగుతారా?" అన్నాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి సుబ్బరాజు గారి గదిలోకి వెళ్లాడు. ఆయన బంజారా హిల్స్‌లో పెద్ద డాక్టరట, తనతో వెటకారమాడానని ఫిర్యాదు. సుబ్బరాజు గారు నన్ను పిలిచి, శనగల పొట్లం పక్కన పెట్టారు. "నీకు నప్పదమ్మా. నువ్వు నీలాగే ఉండు" అన్నారు. తిట్టినా బాగుండేది.

పిల్లలూ, పక్కవాళ్ల నోటిలోని మాట మీ నోట్లో పెట్టుకోకండి. అది వాళ్ల నోటికి కుట్టిన మాట. ఇది తెలుసుకున్నాక నా కుళ్లు తగ్గిందని రాయాలని ఉంది గానీ, పెరిగింది. పని నేర్చుకోవచ్చు, దొంగిలించవచ్చు కూడా. నోరు అలా కాదు.

ప్రస్థానం సంచి

ఇక అసలు సంగతి. పంజాగుట్టలో ఫ్లైఓవర్ కడుతున్న రోజులు. ఎటు వెళ్లాలన్నా దారి మళ్లింపులే.

రాజమండ్రి వైపు నుంచి అనసూయమ్మ గారని ఒకావిడ వచ్చారు. కాజాలు, పూతరేకులు, సున్నుండలు చేసి పెళ్లిళ్లకు ఇచ్చే మనిషి. సింగపూర్‌లో స్థిరపడ్డ ఒక తెలుగు కుటుంబం, కూతురి పెళ్లికి ఆవిడ చేతి స్వీట్లే కావాలని టికెట్టు పంపించి పిలిపించుకుంటున్నారు. విమానం మర్నాడు పొద్దున. వాళ్ల వంశంలో విమానం ఎక్కడం ఇదే మొదలు. అన్నదమ్ములు, వదినలు, అందరూ దిగారు. పెళ్లి రెండు రోజుల్లో ఉంది. ఆ విమానం తప్పితే ఇంక పెళ్లికి అందుకోలేరు.

విమానం బయలుదేరే వేళ వర్జ్యం పడింది. ఇలాంటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో మీలో కొందరికి తెలియకపోవచ్చు. ముందు రోజే మంచి గడియ చూసి, ప్రయాణపు సామానులో ఒకటి తెచ్చి ఇల్లు దాటించి ఇంకో చోట పెడతారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క, తర్వాత ఎప్పుడు బయలుదేరినా దోషం లేదు. పెట్టిన వస్తువు మాత్రం మళ్లీ లోపలికి తేకూడదు, వెళ్తూ వెళ్తూ తీసుకోవాలి. మామూలుగా పక్కింట్లో పెడతారు. హోటల్లో పక్కిల్లు ఎక్కడుంది? సాయంత్రం మంచి గడియ రాగానే అనసూయమ్మ గారు పసుపు రాసిన గుడ్డ సంచి ఒకటి పట్టుకుని లిఫ్టు దిగి, సరిగ్గా సబిత ముందుకు వచ్చారు.

"అమ్మాయ్, దీన్ని నీ దగ్గర ఉంచు. పొద్దున్న కారెక్కేటప్పుడు తీసుకుంటాను. ఎవరు అడిగినా పైకి పంపకు."

"ఫికర్ చెయ్యకుండ్రి పెద్దమ్మా. నా పాణం లెక్క చూసుకుంట" అంది సబిత.

అందులో ఏముందో అది అడగలేదు. పురోహితుడు, ప్రయాణానికి ముఖ్యమైనది ఏదో అదే పెట్టమన్నాడట. ఆవిడ కొబ్బరికాయ, అక్షింతలు, వాటితో పాటు పాస్‌పోర్టూ టికెట్టూ పెట్టేశారు.

డెస్క్ దగ్గర వదిలిన ఏ సంచికైనా ట్యాగ్ కట్టాలన్నది నేను పెట్టిన నియమం. "దేవుని సంచికి ట్యాగ్ ఏంది మేడం" అని సబిత కట్టలేదు. బల్ల కింద కాలికి తగిలితే పాపమని, తీసుకెళ్లి తలుపు పక్కన గోడకి ఆనించింది. ఆ గోడ దగ్గరే విదేశీ విమాన సిబ్బంది పెట్టెలు వరసగా ఉన్నాయి. వాళ్లు మా దగ్గర ఒక రోజు విశ్రాంతి తీసుకుని, ఆ సాయంత్రం తిరుగు విమానం నడపడానికి వెళ్తున్నారు. వ్యాను రాగానే గోడ పక్కన ఉన్నదంతా ఎక్కించేశారు. వ్యాను వెళ్లిపోయింది.

నేను డ్యూటీ దిగబోతూ చూశాను. గోడ ఖాళీగా ఉంది. "ఆ పసుపు సంచి ఏదీ?" అన్నాను. సబిత గోడను చూసింది, తలుపును చూసింది, నన్ను చూసింది. ఆ వాగుడుకాయ నోట మాట లేదు. బల్ల అంచు పట్టుకుంది.

దాచడం ఎందుకు? లోపల ఏదో చల్లగా దిగింది. ఇన్నాళ్లకి దొరికింది అనుకున్నాను. సుబ్బరాజు గారు పక్క గదిలోనే ఉన్నారు. మెల్లగా నడిచి వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. ఆ ఆలోచన ఎంత బాగుందో! తలుపు వైపు ఒక అడుగు వేశాను కూడా. ఇంతలో లిఫ్టు తెరుచుకుంది. అనసూయమ్మ గారి వదిన దిగి, "మా అనసూయకి భయంతో అన్నం దిగడం లేదమ్మా, కాస్త మజ్జిగ పంపిస్తారా?" అని అడిగింది. పంపిస్తానండీ అన్నాను. అనేసి, సుబ్బరాజు గారి గది వైపు కాకుండా బయటికి నడిచాను.

ఆటో ఎక్కాను. గ్రీన్‌లాండ్స్ వైపు తిప్పితే అక్కడ గుంత తవ్వి ఉంది. డ్రైవరు, "అక్కా, గీ లైన్ల నిలబడితే రేపు పోతరు, దిగి నడిస్తె నయం" అన్నాడు. దిగి నడిచాను, ఒకచోట పరిగెత్తాను. ఇనుప చువ్వకి చీర అంచు తగులుకుని చిరిగింది. ఆ చీర నాకిష్టం. దుమ్ము కొట్టుకుపోయి విమానాశ్రయం గేటు దగ్గరికి చేరేసరికి, ఎవరిదో తెలియని సంచి అని భద్రతావాళ్లు దాన్ని పక్కన పెట్టి చుట్టూ నిలబడి ఉన్నారు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఎయిర్‌హోస్టెస్ దూరంగా నిలబడి, నాది కాదు నాది కాదు అని చేతులు ఊపుతోంది. వాళ్ల అధికారి ఉత్తరాది మనిషి. నాకొచ్చిన హిందీలో వర్జ్యం, మంచి గడియ, ఇల్లు దాటించడం అన్నీ చెప్పుకొచ్చాను. ఆయన సంచి విప్పించాడు. కొబ్బరికాయ, అక్షింతలు, పాస్‌పోర్టు. ఫోటోలో అనసూయమ్మ గారు కళ్లు పెద్దవి చేసి చూస్తున్నారు. అధికారి కొంచెంసేపు చూసి, "మా ఊళ్లో అమ్మ కూడా ఇలాగే పెట్టేది" అన్నాడు హిందీలో. హోటల్‌కి ఫోన్ చేసి నేను చెప్పింది నిజమేనని తెలుసుకుని సంచి నా చేతికిచ్చాడు.

వెనక్కి వచ్చేసరికి లాబీలో అనసూయమ్మ గారి బలగమంతా నిలబడి ఉంది. ఫోన్ వచ్చినప్పుడు విషయం బయటపడిందట, సుబ్బరాజు గారు అప్పటికే ఇంటికి వెళ్లిపోవడంతో ఆయన దాకా మాత్రం రాలేదు. నా చేతిలో సంచి చూడగానే ఆవిడ ముఖం పాలిపోయింది. "వెళ్లిన ప్రస్థానం తిరిగొచ్చిందా! ఇంక నేను వెళ్లనర్రా" అన్నారు. ఇంత కష్టపడి తెస్తే ఇదా అనుకుంటూ ఊపిరి పీల్చుకుంటున్నాను.

సబిత ముందుకు వచ్చింది. అప్పటికి దానికి నోరు తిరిగొచ్చింది. "పెద్దమ్మా, సంచి వాపస్ వచ్చింది మీ ఇంటికా? హోటల్‌కు. హోటల్ ఏమన్న మీ ఇల్లా? మీకన్న ముందు పోయి, ఇమానం ఏడుందో, గేటు ఏడుందో చూసుకోని వచ్చింది. గింతకంటె మంచి శకునం ఇంకేముంటది?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత ముఖమంతా వెలిగిపోయింది. "నా తల్లే!" అని సబితను దగ్గరికి తీసుకుని రెండు బుగ్గలూ నిమిరారు. వదినలు కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ సంచిలోంచి అక్షింతలు తీసి సబిత నెత్తిన వేశారు. నేను చిరిగిన అంచు చేత్తో పట్టుకుని పక్కనే ఉన్నాను. ఒకాయన నా వైపు తిరిగి, "మజ్జిగ అడిగాం, ఇంకా రాలేదండీ" అన్నాడు.

ఎందుకు చెప్పలేదు

అందరూ పైకి వెళ్లాక సబిత వెనక గదిలోకి వచ్చింది.

"మీరు సార్‌కు చెప్తరనుకున్న మేడం."

"చెబుదామనే అనుకున్నాను."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెబితే నిన్ను తీసేస్తారు. రేపటి నుంచి వచ్చే ప్రతివాడూ సబిత ఏదీ, సబిత ఎక్కడికి పోయిందీ అని నన్నే చంపుకు తింటాడు. నువ్వు ఉంటేనే కాస్త నయం."

అది నవ్వింది. పరిహాసం అనుకుంది. అనసూయమ్మ గారికి అన్నం దిగడం లేదన్న మాట విని పరిగెత్తానన్నదీ నిజమే. రెండింటిలో ఏది ముందో నేను తేల్చుకోలేదు, మీరూ తేల్చుకోనక్కర్లేదు. పని జరగాలి, అంతే. మనసులో ఏముందో గెస్టుకి అక్కర్లేదు. ఆ మర్నాటి నుంచి సబిత ప్రతి సంచికీ ట్యాగ్ కట్టింది. అనసూయమ్మ గారు సింగపూర్ నుంచి తిరిగొస్తూ మా హోటల్లోనే దిగారు. తలుపు తోసి అడిగిన మాట ఏమిటో చెప్పక్కర్లేదు.

శంషాబాద్‌లో ఒక రాత్రి

విమానాలు శంషాబాద్‌కి వెళ్లిపోయాయి. మా మేడ మీద ఆకాశం ఉత్తదయింది. సిబ్బంది వ్యాన్లు ఆగిపోయాయి. ఆవకాయ సీసాలు లేని లాబీని చూస్తే నాకు మొదట్లో దిక్కు తోచలేదు. ఆసుపత్రులకు వచ్చేవాళ్లతో, కోచింగ్ పిల్లల తల్లిదండ్రులతో హోటల్‌ని నడిపాం. సబితను కొత్త విమానాశ్రయం పక్కన కట్టిన పెద్ద హోటల్ వాళ్లు పట్టుకుపోయారు. నన్ను ఎవరూ పిలవలేదు. నేను అక్కడే ఉండి అక్కడే రిటైరయ్యాను.

రిటైరైన తర్వాత మా ఆయనతో కాశీ ప్రయాణం పెట్టుకున్నాను. విమానం పొద్దున్నే. మేమున్న వైపు నుంచి శంషాబాద్ ఎంత దూరమో తెలుసుగా. ముందు రోజు సాయంత్రమే వెళ్లి అక్కడ హోటల్లో పడుకోవాలన్నారు ఆయన. నేను హోటల్లో డబ్బు కట్టి పడుకోవడం అదే మొదటిసారి. ఏ హోటల్ అని అడగలేదు. అడగనక్కర్లేకుండానే తెలుసు.

అద్దాల్లాంటి నేల, మల్లెల వాసన, బల్ల వెనక నల్ల కోటు వేసుకున్న సబిత. ఫ్రంట్ ఆఫీసంతా దాని కిందే. ఒక విదేశీయుడితో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. నా ఇంగ్లీషు కంటే బాగుంది. అది చాలదన్నట్టు జడలో కనకాంబరాలు కూడా ఉన్నాయి. ఇక్కడ వాటికి ఒప్పుకున్నారన్నమాట! నన్ను చూసి బల్ల చుట్టూ తిరిగి వచ్చి చేతులు పట్టుకుంది. వెనక వైపు, చప్పుడు రాని గది ఇచ్చింది. వెనక గది ఇవ్వడం నాకు నేర్పింది ఎవరో, సబితకి నేర్పింది ఎవరో అని ఆలోచిస్తూ తాళం కార్డు తీసుకున్నాను.

సాయంత్రం లాబీలో ఒక స్తంభం వెనక కుర్చీల్లో కూర్చున్నాం, అదీ నేనూ. టీ తెప్పించింది. ఇంతలో బల్ల దగ్గర ఎవరో "సబితమ్మ ఉన్నదా?" అని అడగడం వినబడింది. సబిత లేవలేదు. కుర్చీలో ఇంకా కిందికి జారింది.

"జర ఉండనీయుండ్రి మేడం. పొద్దుగాల నుంచి సబితా, సబితా... చెవులు నొస్తున్నయ్. ఇంటికి పోయి పండుకున్నా గదే వినబడ్తది."

జాలిపడవలసిన మాట. నాకు జాలి రాలేదు. అంత విసుగొచ్చేంత మంది నా కోసం ఒక్కరోజైనా రాలేదే అని కడుపు మండింది. ఈ వయసులో, కాశీకి వెళ్తూ! టీ కప్పు కింద పెట్టి లేచాను. దాని మీద ప్రేమతో కాదు. ఊరికే కూర్చోలేక.

బల్ల దగ్గర ఉన్నది ఒక పెద్దాయన. కరీంనగర్ వైపు రిటైర్డ్ టీచరట, తెల్ల పంచె, చేతిలో గుడ్డ సంచి. బల్ల వెనక ఉన్న కుర్రవాళ్లను అడగడానికి సిగ్గుపడుతున్నాడు.

"సబిత కొంచెం పనిలో ఉందండీ. నాకు చెప్పండి" అన్నాను.

"మీరెవరమ్మా?"

"ఆమెకి పని నేర్పినదాన్ని."

ఆయన నా చీర చూసి, ముఖం చూసి, గొంతు తగ్గించాడు. "గోడకు పెట్టిన కార్డు తీస్తె ఏసీ గాలి ఆగిపోతది. పెడితె లైట్లన్ని వెలుగుతయ్. పోయినసారి లైట్ల కిందనే పండుకున్న. నిద్ర పట్టలే. ఎట్ల ఆర్పాలె?"

పైకి వెళ్లి, మంచం తలాపున అన్ని లైట్లనూ ఒకేసారి ఆర్పే స్విచ్ చూపించాను. ఆయన రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు. సిగ్గు పోలేదని గమనించి, "మొదటిసారి నేనూ దుప్పటి ముఖం మీద కప్పుకుని పడుకున్నానండీ" అన్నాను. అబద్ధమే. అన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కటీ ఆడలేదు, గెస్టుతో నేను ఆడిన మొదటి అబద్ధం ఇదే. ఆయన నవ్వాడు.

పొద్దున్న లాబీ నిండా జనం. సబిత బల్ల వెనక వెలిగిపోతోంది, అందరూ దాని చుట్టూ. మేము పెట్టె పట్టుకుని తలుపు దగ్గర కారు కోసం నిలబడ్డాం. పెద్దాయన లిఫ్టు దిగి బల్ల దగ్గరికి వెళ్లాడు. సబిత రెండు చేతులూ జోడించి, "నిద్ర మంచిగ పట్టిందా పెద్దయ్యా?" అంది. ఆయన తల ఊపి, ఆమె మీదుగా అటూ ఇటూ చూసి అడిగాడు.

"రాత్రి ఆ అమ్మ ఉండె గదా, ఏది?"

సబిత చెయ్యి చూపించింది. ఆయన జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చి, "పోయొస్తనమ్మా" అన్నాడు. క్షేమంగా వెళ్లి రండి అన్నాను. అన్నానే గానీ నా కళ్లు ఆయన భుజం మీదుగా బల్ల వైపే ఉన్నాయి. సబిత చూస్తోంది. నవ్వుతూనే ఉంది గానీ, మూతి ఒక పక్కకి కొంచెం విరిగింది. ఆ విరుపు నాకు తెలిసినంతగా ఈ ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. కాశీ దాకా హాయిగా నిద్రపోయాను.

కాశీలో ఇష్టమైనది ఏదో ఒకటి వదిలిపెట్టి రావాలి కదా. గంగలో మునిగేటప్పుడు మా ఆయన చెవి దగ్గరికి వంగి, "ఆ సబిత మీద కుళ్లు వదిలెయ్యి, ఇద్దరికీ పుణ్యం" అన్నారు. నేను కాకరకాయ వదిలేశాను.